గడ్డ మీద బగారన్నం

దీవి పిచ్చి నాకు ఫోన్ వల్ల పట్టింది. వనపర్తిలో నాదొక చిన్న టైలరింగ్ షాపు. కుట్టేటప్పుడు చేతులకూ కాళ్ళకూ పని ఉంటుంది కానీ చెవులు ఖాళీ. అందుకని దారం రీళ్ళ డబ్బాకు ఫోన్ ఆనించి వీడియోలు పెట్టుకుంటాను. సీరియళ్ళు ఏనాడో విసుగొచ్చాయి, వంటలు ఆ తర్వాత విసుగొచ్చాయి. అప్పుడు దొరికాడు ఒక తెలుగు అబ్బాయి. వీపున సంచి, మాసిన గడ్డం, తక్కువ ఖర్చుతో దేశాలు తిరగడం అతని పని. ఒకరోజు కరీబియన్ సముద్రంలో ఏదో చిన్న దీవికి పోయాడు. చవక గదిలో పైమంచం మీద పడుకున్నాడు, రోడ్డు పక్కన వేయించిన చేప తిన్నాడు, జనంతో కిక్కిరిసిన చిన్న బస్సెక్కి దీవంతా చుట్టి వచ్చాడు. ఏ వైపు కెమెరా తిప్పినా నీళ్ళే. ఆ నీళ్ళు చూస్తూ చూస్తూ ఒకామె జాకెట్‌కు ఎడమ చెయ్యి తీసుకుపోయి కుడి వైపు కుట్టేశాను.

ఆ చేతిని విప్పుకుంటూ కూర్చున్నప్పుడే తీర్మానించుకున్నాను. నేనూ ఒక దీవి చూడాలి.

మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. సెలవు రోజున ఆయన్ని ఎక్కడికైనా పోదామనడం, వంటవాణ్ని ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి ముట్టించమనడం వంటిది. అయినా అడిగాను.

"దేనికి?" అన్నాడు.

"ఊరికే. చూడనీకె."

"ఊరికే ఎవలన్న పోతరా? పెండ్లికి పోతరు, సావుకు పోతరు, దవాఖానకు పోతరు. ఊరికే పోవుడేంది?"

కోపం వచ్చింది కానీ ఆలోచిస్తే ఆయన మాట అబద్ధం కాదు. యాభై దగ్గర పడుతున్నాను, కారణం లేకుండా ఊరి పొలిమేర దాటింది లేదు. జాతరకు పోతే మొక్కు ఉంటుంది. హైదరాబాద్ పోతే ఎవరో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు. చిన్నప్పుడు మా అమ్మానాన్నల వెంట వలస పోయిన ఊళ్ళు చాలానే ఉన్నాయి, కానీ అక్కడ చూసింది మట్టి తట్ట తప్ప ఏమీ లేదు. ఊరికే పోవాలన్న కోరిక అప్పుడు ఇంకా గట్టిపడింది.

నా బాధ అర్థమైంది మా యారాలి కూతురికి. యారాలంటే మా దిక్కున తోటికోడలు. ఆమె నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆమె కూతురు డిగ్రీ అయిపోయి ఉద్యోగపు పరీక్షలకు చదువుతోంది, చదువు మీద విసుగొచ్చినప్పుడల్లా నా షాపుకొచ్చి గుండీలు కుడుతుంది.

"చిన్నమ్మా, కరీబియన్ పోవాల్నంటే నీ మిషన్లు, షాపు, చిన్నాయిన బస్సు గూడ అమ్మాలె," అంది.

"బస్సు మీ చిన్నాయినది కాదు గదనే."

"అందుకే చెప్తున్న. దీవే గావాల్నంటే మనకు లేదా? కృష్ణల లేదా? గద్వాల కాడ ఏటి నడుమ ఒక ఊరే ఉన్నది. పుట్టిల పోవాలె."

ఏటి నడుమ ఊరు! మా దిక్కున దీవి అనం, గడ్డ అంటాం. గడ్డ అన్నందుకే అన్నేళ్ళూ అది దీవి అని నాకు తట్టలేదేమో. గద్వాలకు బస్సు ఉంది, ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఇంతకంటే తక్కువ ఖర్చు ప్రయాణం ఆ గడ్డం అబ్బాయి కూడా చేసి ఉండడు. ఆదివారం పోదామని ఆ పిల్లా నేనూ చేతులు కలుపుకున్నాం.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ ఆదివారమే, ఆ పూటే, గడ్డ మీద ఒక తల్లి వంట మొదలుపెట్టుకుని కూర్చుంది. కొడుక్కి పెళ్ళి కావడం లేదు. పిల్లవాడిలో వంక లేదు, భూమిలో వంక లేదు, చుట్టూ నీళ్ళు ఉండటమే వంక. ఆడపిల్ల వాళ్ళు రేవు దాకా వస్తారు, ఏటిని చూస్తారు, అట్నుంచి అటే పోతారు. ఆ రోజు వనపర్తి వైపు నుంచి ఎవరో ఇల్లు చూడటానికి వస్తారని సంబంధాలు చూసే ఆయన ఆమెకు కబురు పెట్టాడు. వనపర్తి నుంచి ముందుగా దిగింది మేము. ఇదేమీ ఆ పూట మాకు తెలియదు.

మా అక్కను వెంట తీసుకురావడం పెద్ద పని అయింది. ఆమెకు నీళ్ళంటే భయం. ఇంట్లో సంపు మూత తీస్తే కూడా పక్కకు జరుగుతుంది. ఆడపిల్లను ఒక్క చిన్నమ్మ వెంట ఏటికి పంపడం ఇంకా భయం కాబట్టి ఏడుపు ముఖంతో బయలుదేరింది. పొద్దున్నే బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టాను. పెబ్బేరు దాటాక రోడ్డు పక్కన చేలలో పల్లికాయ పీకుతున్నారు, కుప్పల మీద ఆడవాళ్ళు కూర్చుని తెంపుతున్నారు. ఎన్నో సార్లు చూసిన దారే. అయినా ఆ రోజు ప్రతిదీ వేలు పెట్టి చూపిస్తున్నాను. "చిన్నమ్మా, జర మెల్లగ, మంది చూస్తుండ్రు," అని పిల్ల నవ్వింది. చూడనీ. ఊరికే పోతున్నదాన్ని నేను. పక్క సీటామె యాడికి అని అడిగింది. దీవికి అన్నాను. ఎవలైన పోయిండ్రా అని అడిగింది. ఎవరూ పోలేదు, ఊరికే అన్నాను. ఆమె జరిగి కూర్చుంది. వంతెన మీద కృష్ణ కనిపించగానే నేను లేచి నిలబడ్డాను, మా అక్క కళ్ళు మూసుకుంది.

గద్వాలలో దిగి పళ్ళు కొన్నాం, ఆపిల్లు, అరటిపళ్ళు, ఒక మిక్చర్ పొట్లం. ఆటోలో రేవు దగ్గర దిగేసరికి అక్కడ ఒక్కటే పుట్టి ఉంది. దాని పక్కన ఒక పిలగాడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ తెల్లచొక్కా, తల నున్నగా దువ్వుకున్నాడు, కాళ్ళకు చెప్పుల్లేవు.

"వనపర్తి నుంచేనా?" అన్నాడు.

"అవ్ బిడ్డా, వనపర్తే."

"ముగ్గురేనా?"

"ముగ్గురమే. ఎంత తీస్కుంటవు?"

అతను సిగ్గుపడిపోయాడు. "మీ కాడ తీస్కుంటమా? ఎక్కుండ్రి," అన్నాడు. నేను పిల్ల వైపు చూసి కన్నుకొట్టాను. బస్సు ఫ్రీ, పడవ కూడా ఫ్రీ. పుట్టి నడిపేవాడు పెళ్ళికొడుకులా తయారయ్యాడేంటి అన్న అనుమానం రావాలి కదా, రాలేదు. టూరిస్టులొస్తే ఇలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను. వీడియోలో కూడా పడవవాడు పూలచొక్కా వేసుకున్నాడు మరి.

పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట, నీళ్ళు ఊరకుండా అడుగున తారు పూసి ఉంటుంది. దానికి ముందూ వెనకా లేవు. మా అక్క పెబ్బేరు సంతలో ఎద్దు పళ్ళు చూసేవాళ్ళలా దాని చుట్టూ తిరిగి, అంచు తట్టి, వంగి అడుగు చూసి, "ఇది బుట్ట గదనే," అంది. మేమిద్దరం చెరో చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టాం. పిలగాడు తెడ్డు వేయగానే పుట్టి ఒక చుట్టు తిరిగింది. మా అక్క కేక రెండు గట్లకూ వినబడి ఉంటుంది. నేను కూడా అరిచాను కానీ నాది సంతోషం. నీళ్ళు చేతికి అందుతున్నాయి. ముంచితే చల్లగా ఉన్నాయి. గట్టు వెనక్కి పోతోంది, ముందు పచ్చని వరిచేలు, తాటిచెట్లు, ఇళ్ళు నీళ్ళలోంచి లేచినట్టు దగ్గరకొస్తున్నాయి. దీవి! నా దీవి! పిల్ల ఫోన్ పట్టుకుని వీడియో తీస్తుంటే నేను ఆ గడ్డం అబ్బాయిలాగే చెయ్యి ఊపి, "హాయ్ ఫ్రెండ్స్," అన్నాను. పిలగాడు తల దించుకుని నవ్వాపుకున్నాడు.

ఒడ్డున వాళ్ళమ్మ నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, కొత్త చీర మడతలు ఇంకా పోలేదు. పొడవు తక్కువైన చీర అది, నా కళ్ళు అలాంటివి చూడకుండా ఉండవు. "రాండ్రి వదినా, రాండ్రి," అని నా రెండు చేతులూ పట్టుకుంది. ముక్కూ ముఖం తెలియని వాళ్ళను ఎవరైనా అక్కా అంటారు. వియ్యం కలిసే వాళ్ళను కదా వదినా అంటారు. నాకు ఎంత ముద్దుగా అనిపించిందో! ఉత్త చేతులతో ఇంటికి పోవడం బాగుండదని పళ్ళు ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాటిని కళ్ళకద్దుకుంది.

కాళ్ళకు నీళ్ళిచ్చింది. చాయ్ ఇచ్చింది. ఇల్లు చూపించింది. ఆ చూపించడం మామూలుగా లేదు. ముందరి గది, వెనక గది, కొత్తగా వేయించిన బండలు, బియ్యం డబ్బాలు, ఫ్రిడ్జి తలుపు తీసి లోపల, పెరట్లో బర్రెలు, బోరు మోటరు.

"బాత్రూం గూడ చూడుండ్రి. పోయినేడే కట్టించిన. నీళ్ళకు కరువే లేదు వదినా," అంది.

చుట్టూ కృష్ణ పెట్టుకుని నీళ్ళకు కరువేముంటుంది అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది, కానీ నా ముఖం వైపు చూస్తూ నవ్వింది. మా అక్క బాత్రూం చూసి, "మాకంటె పెద్దగున్నది," అని మెచ్చుకుంది. పిల్లను ఏం చదువుకున్నావని అడిగింది ఆ తల్లి. డిగ్రీ అని చెబితే, "మావోడు గూడ ఇంటర్ దాక చదివిండు. సేద్యం ఇష్టమని ఈడనే ఉండవట్టె," అని మెల్లగా చెప్పింది. ఏ ఊరికి పోయినా తల్లులు కొడుకుల గురించి చెప్పుకోవడం ఉన్నదే కదా.

"గడ్డ చుట్టూర తిరగొచ్చా పుట్టిల?" అని నేనే అడిగాను. తల్లి మొహం వెలిగిపోయింది. "చూడుండ్రి, అంత చూడుండ్రి. ఏం దాచేది లేదు," అని కొడుకును తరిమింది. మా అక్క రానని మొండికేసింది కానీ పిల్ల ఎక్కితే తానూ ఎక్కక తప్పలేదు. ఊళ్ళో ఉన్న మిగతా పుట్టీలు చేపలకు పోయాయట, ఏటి మీద మా ఒక్క పుట్టే. పిలగాడు తొందర లేకుండా తీసుకుపోయాడు. ఒక చోట బండల మధ్య నీళ్ళు గలగలమంటున్నాయి. తెల్లకొంగలు మమ్మల్ని చూసి లేచి, కొంచెం దూరం పోయి మళ్ళీ వాలాయి. చేను గట్టున దించి పచ్చి పల్లికాయ మొక్కలు పీకి ఇచ్చాడు, ఏట్లో కడుక్కుని అక్కడే తిన్నాం. పాల రుచి.

"మొసళ్ళుంటయా?" అని అడిగింది పిల్ల.

"ఉంటయి. అవుతల బండల మీద ఎండకు పంటయి. మన దిక్కు రావు," అన్నాడు. అని, మా అక్క ముఖం చూసి, ఎందుకన్నానా అన్నట్టు నాలుక కరుచుకున్నాడు. "అందరు చెప్పుడే గని నేను గూడ సరిగ చూడలె," అని దిద్దుకున్నాడు. మా అక్క నా భుజం గోళ్ళు దిగేలా పట్టుకుంది. నాకైతే మొసలి కనబడితే బాగుండుననే ఉంది. ఎంతసేపు తిరిగామో తెలియదు, ఎండ నడినెత్తికి వచ్చింది. అన్నాళ్ళ నా ఆశ ఒక్క పూటలో తీరిపోతోందన్న ఆనందంతో ఒకసారి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఎవరూ చూడకుండా ఏటి నీళ్ళతో మొహం కడుక్కున్నాను.

తిరిగి వచ్చేసరికి ఇల్లంతా మసాలా వాసన. బగారన్నం, నాటుకోడి కూర, చేపల పులుసు, గట్టి పెరుగు. ముగ్గురికీ చాపలు పరిచి ఉన్నాయి. ఆ తల్లి చేతిలో గరిటె పట్టుకుని, వడ్డించకుండా మా వైపు చూస్తూ నిలబడింది. "తింటరా?" అని అడిగింది.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. పిలగాని ఇల్లు చూడటానికి పోయినవాళ్ళు ఆ ఇంట్లో చాయ్ తాగుతారు, అన్నానికి మాత్రం కూర్చోరు. ఎంత బతిమాలినా లేచిపోతారు. కూర్చున్నారంటే పిల్లనిస్తున్నట్టే, మాట అయిపోయినట్టే. నేను పుట్టి పెరిగింది ఈ పద్ధతిలోనే. ఎన్ని ఇళ్ళల్లో ఇలా ఆకలితో లేచి వచ్చానో! మరి ఆ రోజు? నేను ఆ రోజు పాలమూరు మనిషిని కాను, టూరిస్టును. వీడియోలో ఆ అబ్బాయికి ఎవరో దీవి ఆమె పళ్ళెం నిండా అన్నం పెడితే ఎంత సంబరపడి తిన్నాడు!

"తినకపోతె ఎట్ల వదినా, వాసనకే ఆకలైతున్నది," అని చెయ్యి కడుక్కుని కూర్చున్నాను.

ఆమె వడ్డించింది. మేం తిన్నాం. తినడమంటే మర్యాదకు తినడం కాదు. నేను కూర రెండోసారి అడిగి వేయించుకున్నాను. నీళ్ళ భయంతో పొద్దున్నుంచి సరిగ్గా ఏమీ ముట్టని మా అక్క చేప ముళ్ళు ఏరుకుంటూ, మాట్లాడకుండా, దీక్షగా తింది. పిల్ల పెరుగన్నం కూడా తింది. ఆ తల్లి మధ్యమధ్య వెనక గదిలోకి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకుని వస్తోంది. పొయ్యి పొగ అనుకున్నాను, గ్యాసు పొయ్యి ఎదురుగా కనిపిస్తూనే ఉంది.

చేతులు కడుక్కున్నాక ఆమె కుంకుమ భరిణె, పూలు, జాకెట్ ముక్క తెచ్చింది. బొట్టు పెడతారంటే పెద్ద ముత్తైదువకు మొదట పెట్టాలి, మా అక్కకు. ఆమె నేరుగా పిల్ల దగ్గరికి పోయి, తూర్పు ముఖంగా పీట మీద కూర్చోమంది. జాకెట్ ముక్క పట్టుది. దాని మీద కొబ్బరికాయ, ఆ పక్కన కొత్త వెండి పట్టీలు. నా జీవితమంతా పెళ్ళి జాకెట్లు కుట్టడంలో గడిచింది. ఏ ముక్క ఏ సందర్భానిదో ముట్టుకుంటే చెబుతాను. ఇది మాట ఖాయమైన పిల్లకు పెట్టేది. మా అక్క నా వైపు చూసింది. ఆమెకు కూడా అర్థమైంది.

సరిగ్గా అప్పుడే కిటికీలో చార్జింగ్ పెట్టిన ఫోన్ మోగింది. పిలగాడు తీశాడు. సంబంధాలు చూసే ఆయన గొంతు గదంతా వినబడింది. "యాడున్నవ్‌రా? ఎన్నిసార్లు చేస్తి? పిల్ల తల్లి, మేనమామ కార్ల వచ్చి గంటసేపు రేవు కాడ నిలవడ్డరు. పుట్టి లేదు, మనిషి లేడు. మర్లి గద్వాలకు పోయిండ్రు."

మేం కొంగల్ని చూస్తూ పల్లికాయ తింటున్న గంట అది.

పిలగాడు ఫోన్ దించాడు. కుంకుమ భరిణె చేతిలో పట్టుకున్న తల్లి మా ముగ్గురినీ వరుసగా చూసింది.

"మరి మీరెవరు?" అంది.

పిల్లే పీట మీంచి లేచి చెప్పింది, "అత్తా, మేం ఊరికే వచ్చినం. గడ్డ చూడనీకె."

"ఊరికేనా?"

"మా చిన్నమ్మకు దీవి చూడాల్నని ఆశ. ఫోన్ల చూసింది."

నమ్మకం కలగనట్టు చూస్తుంటే పిల్ల ఆ కరీబియన్ వీడియో తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆమె గడప మీద కూర్చుని చూసింది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసుక, పడవలు, ఇళ్ళు. చాలాసేపు చూసింది. చూసి, "వీళ్ళకు గూడ నాలుగు దిక్కుల నీళ్ళే ఉన్నయి గద. వీళ్ళకు పిల్లనిస్తరా?" అని అడిగింది.

పిలగాడు బయటికి పోయాడు.

"ఎన్నిసార్లు వండిన్నో వదినా," అంది ఆమె, ఆ వదిన పిలుపు మానకుండానే. "తినరని తెలుసు. ఇంటి దాక వస్తే చాలని వండుత. రేవు కాడికి వచ్చి నీళ్ళు చూసి మర్లిపోతరు. వండింది వాడకట్టుకు పంచుత. ఇయ్యాలనే, మీకే, మొదటిసారి వడ్డించిన."

తప్పు ఎవరిదని వెతకడానికి నాకు ఓపిక లేదు. నాకు ఏడుపు వచ్చినప్పుడల్లా దానికంటే ముందు కోపం వస్తుంది. ఆ కారు వాళ్ళ మీద వచ్చింది, ఏటి మీద వచ్చింది, ఫోన్ కిటికీలో పెట్టి పోయిన పిలగాడి మీద కూడా వచ్చింది. లేచి కొంగు దోపుకున్నాను. "లే అక్కా. పొద్దు ఇంకా ఉన్నది. గద్వాలకు పోదం."

"దేనికి?" అంది మా అక్క. మా ఆయన అడిగిన ఆ ప్రశ్నకు మొదటిసారి నా దగ్గర జవాబు ఉంది.

పిలగాడు పుట్టిని అంత వేగంగా ఎప్పుడైనా నడిపాడో లేదో. మా అక్క ఈసారి అరవలేదు, అరవడం మరిచిపోయింది. సంబంధాలు చూసే ఆయనకు ఫోన్ చేస్తే, గద్వాల దాకా వచ్చాం కదా చీరలన్నా చూసి పోదామని పెళ్ళికూతురి తల్లి కొట్టుకు పోయిందని చెప్పాడు. ఏ కొట్టో కూడా చెప్పాడు. ఆటోవాణ్ని వెనక నుంచి తిడుతూ, మెచ్చుకుంటూ, మళ్ళీ తిడుతూ చేరాం. కొట్టులో తెల్లటి పరుపు మీద చీరలు పరిచి ఒకామె కూర్చుంది, పక్కన తమ్ముడు కాబోలు కునుకు తీస్తున్నాడు. ఆమె చేతిలో ఎర్రంచు గద్వాల చీర. నేను పోయి పక్కనే కూర్చున్నాను.

"గడ్డకు పోదమని వచ్చి మర్లినోళ్ళు మీరే గద?"

ఆమె ఉలిక్కిపడింది. "మీరెవరు?" ఆ రోజంతా అదే ప్రశ్న.

"పుట్టిని తీస్కపోయింది నేనే. పిలగాని తప్పు లేదు. మేం తిరగనీకె తీస్కపోయినం."

ఆమె చీర పక్కన పెట్టింది. మంచి మనిషే. నెమ్మదిగా, గట్టిగా మాట్లాడింది. "నీళ్ళకు భయపడి కాదమ్మా మర్లింది. గంట నిలవడ్డ. రేపు నా బిడ్డకు నొప్పులొస్తే, దవాఖానకు పోవాల్నంటే, ఆ గట్టు మీద గంట నిలవడాల్నా?"

గడ్డకు వంతెన పని నడుస్తోందని చెప్పవచ్చు, రేవు దగ్గర స్తంభాలు నేనూ చూశాను. కానీ నడుస్తున్న పనిని చూపించి ఒక తల్లికి ఏం ధైర్యం చెబుతాం? అప్పుడు మా అక్క ముందుకు జరిగింది.

"నాకు సంపు చూసినా భయం," అంది. "నేను ఇయ్యాల పోయిన. వచ్చిన. నీ భయం సరైనదే. ఇయ్యమని చెప్తలేం. పోయి ఇల్లు చూసి, ఆ తల్లిని చూసి, అప్పుడు వద్దను. నిన్ను చూడకుండ నీ బిడ్డను ఎవలన్న వద్దంటె నీకెట్లుంటది?"

ఆమె మా అక్క ముఖంలోకి చూసింది. తర్వాత మా ముగ్గురి చేతుల వైపు చూసింది. మసాలా వాసన ఇంకా పోలేదు.

"ఆడ తిన్నరా?" అంది, నమ్మలేనట్టు.

"కడుపునిండ తిన్నం. కూర రెండోసారి గూడ," అన్నాను.

"అయితె మీ పిల్లనిస్తున్నరా?"

మా పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వుకు కునుకు తీస్తున్న తమ్ముడు లేచాడు, కొట్టాయన నవ్వాడు, ఆమె కూడా నవ్వకుండా ఉండలేకపోయింది. చీరలు మడత పెట్టమని, మళ్ళీ వస్తామని చెప్పి చెప్పులు వెతుక్కుంది.

రేవు చేరేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. పిలగాడు పోలేదు, తెల్లచొక్కా చెమటకు తడిసి అక్కడే కూర్చుని ఉన్నాడు. కారు ఆగడం చూసి లేచి నిలబడ్డాడు. తమ్ముడు పుట్టిని చూసి నేను గట్టున ఉంటానన్నాడు, మా అక్క అతన్ని చూసిన చూపుకు మాట్లాడకుండా ఎక్కాడు. పుట్టిలో చోటు చాలదని మా అక్కా పిల్లా రేవులో ఆగిపోయారు. పెళ్ళికూతురి తల్లి నా చెయ్యి పట్టుకుని ఎక్కింది, కూర్చున్నాక కూడా వదల్లేదు. నేను మనసులో మన బస్సు పోతే పోనీ అనుకున్నాను. మా ఆయన అడిగితే చెప్పడానికి ఈసారి బోలెడంత ఉంది.

పుట్టి ఒక చుట్టు తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుంది, మళ్ళీ మెల్లగా తెరిచింది. అవతలి ఒడ్డున ఒక మనిషి నిలబడి ఉంది. మేం పోయినప్పటి నుంచీ అలాగే నిలబడి ఉందేమో, మడతలు పోని ఆ చీర ఎండలో కనిపిస్తోంది. పుట్టిలో ఎంతమంది ఉన్నారో చూడటానికి చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుంది. లెక్క అర్థమైనట్టుంది, ఆ చెయ్యి నోటికి పోయింది.

"ఆమెనేనా?" అని అడిగింది నా పక్కనున్న తల్లి.

"ఆమెనే."

పుట్టి గడ్డకు దగ్గర పడుతోంది. తర్వాత ఆమె నా వైపు తిరిగి, "అడుగుడే మరిచిన. ఇంతకు మీరు వాళ్ళకేమైతరు?" అంది.

పిలగాడి తెడ్డు నీళ్ళలోనే ఆగింది.

"చుట్టాలం," అన్నాను.